నేను పెన్షనరునని మా గేదెలకు తెలియదు

కేంద్ర వ్యవసాయ, రైతు సంక్షేమ మంత్రిత్వ శాఖ పెద్దలకు, వారి అనర్హుల జాబితాను కళ్లకద్దుకుని అమలు చేస్తున్న రాష్ట్ర వ్యవసాయ శాఖల అధికారులకు,



రైతంటే ఎవరు అనే ప్రశ్నకు మీ జవాబేమిటో నాకు మా ఊరి రైతు సేవా కేంద్రంలో, కంప్యూటరు తెర మీద తెలిసింది. తెర ముందు కూర్చున్నది మా పక్క వీధి పిల్లే. నేను సెలవు మీద వచ్చినప్పుడల్లా క్యాంటీన్ బిస్కెట్ల కోసం మా ఇంటి చుట్టూ తిరిగేది. పీఎం కిసాన్ సాయానికి నా పేరు రెండుసార్లు నొక్కి చూసి, నా మొహం చూడకుండానే, "నీకు రాదు చిన్నాయనా. అనర్హులు అని చూపిస్తాంది" అంది. ఎందుకమ్మా అన్నాను. "పెన్షనరువంట" అంది. అప్పటికి నా చొక్కా మీద దూడ నాకిన తడి కూడా ఆరలేదు.

ఆ పిల్ల తప్పేమీ లేదు. తెర మీద ఉన్నది చదివింది. తెర వెనక ఉన్నది మీరు. అందుకే ఈ ఉత్తరం మీకు.

ఇది డబ్బుల అర్జీ కాదని ముందే చెబుతున్నాను. పీఎం కిసాన్ కింద ఏడాదికి 6 వేలు, విడతకు 2 వేలు. నా దొడ్లో ఉన్న పశువులకు ఆ 2 వేల దాణా మూడు రోజులు రాదు. ఆ డబ్బులు లేకుండానే ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. నాకు కావలసింది ఆ మాట. రైతు అనే మాట. దాన్ని నా పేరు ముందు నుంచి కొట్టేసే అధికారం మీకు ఎవరిచ్చారని అడగడానికి రాస్తున్నాను.

1995లో, పందొమ్మిదేళ్ల వయసులో సైన్యంలో చేరాను. గిద్దలూరు, కంభం వైపు ఊళ్లలో ఇది వింత కాదు. వానను నమ్ముకోలేని నేల. ఇంటికొకరు కాకపోయినా వీధికి నలుగురు పట్టాలంలో ఉంటారు. నా చేతికి తుపాకీ కంటే ఎక్కువగా దక్కింది కంచరగాడిద పగ్గం. ఆర్మీ సర్వీస్ కోర్‌లో జంతు రవాణా విభాగం మాది. లారీ ఎక్కలేని, హెలికాప్టరు దిగలేని చోటికి బియ్యం, కిరసనాయిలు, మందుగుండు మోసేవి ఆ కంచరగాడిదలే. పట్టాలంలో వాటిని ఖచ్చర్లంటాం. 1999 వేసవిలో ద్రాస్ కొండల్లో రాత్రిపూట, దీపం లేకుండా, వాటి తోక పట్టుకుని నడిచాం. వాటికి గిట్ట మీద నంబరు ఉంటుంది. నా మొదటి ఖచ్చర్ నంబరు నాకు ఇప్పటికీ గుర్తే. మా ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం కూడా గుర్తే: జంతువు నీళ్లు తాగాకే మనిషి టీ తాగాలి. ఇరవై నాలుగేళ్లు అలాగే తాగాను. ఇప్పుడూ అలాగే తాగుతున్నాను.

2019లో హవల్దారుగా దిగిపోయి ఊరికొచ్చాను. నాకప్పుడు 43 ఏళ్లు. మీ శాఖల్లో ఆ వయసుకు ఉద్యోగి దాదాపు సగం దూరమే వచ్చినట్టు. మాకు మాత్రం అది పదవీ విరమణ. దేశంలో ఏటా దాదాపు 60 వేల మంది ఇలా బయటికొస్తారు. ఎక్కువమంది ముప్పై అయిదూ నలభై అయిదూ మధ్య వయసువాళ్లే. ఒళ్లు గట్టిగా ఉన్నవాళ్లు, పిల్లలు ఇంకా బడిలో ఉన్నవాళ్లు. వీళ్లు మిగతా సగం జీవితం ఏం చేస్తారని మీరెప్పుడైనా ఆలోచించారా?

లోకం మాత్రం ఆలోచించి పెట్టింది. నేను దిగిన నెలకే పట్నం నుంచి ఒక సెక్యూరిటీ ఏజెన్సీ మనిషి వచ్చాడు. బ్యాంకు గేటు దగ్గర కుర్చీ, రెండు గొట్టాల తుపాకీ, పన్నెండు గంటల డ్యూటీ. నాతో దిగినవాళ్లలో చాలామంది ఇవాళ ఆ కుర్చీల్లోనే ఉన్నారు. వాళ్లను తక్కువ చేయడం లేదు, ఇల్లు గడవాలి. నాకెందుకో ఆ కుర్చీ మీద మనసు పోలేదు. ఇన్నేళ్లు ప్రాణమున్నవాటితో బతికి, ఇప్పుడు ఇనుప షట్టరుకు కాపలా కాయమంటే ఎట్లా?

గ్రాట్యుటీ డబ్బులతో నాలుగు ముర్రా గేదెలు కొన్నాను. ఇప్పుడు తొమ్మిదయ్యాయి. అరవై నెల్లూరు జాతి గొర్రెలున్నాయి. నాయన ఇచ్చిన నాలుగెకరాల్లో బోరు కింద ఎకరం సూపర్ నేపియర్ గడ్డి, మిగతాది జొన్న, కంది. జొన్న చొప్ప ఎండాకాలానికి వామి వేస్తాం. ఇక్కడివాళ్లకు ఇందులో చెప్పుకోవలసిందేమీ లేదు. మీకు చెప్పడమెందుకంటే, మీ జాబితాలో 'పెన్షనరు' అన్న మాట చదివినప్పుడు వరండాలో పడక కుర్చీ, పేపరు, షుగరు మాత్రలు ఉన్న మనిషి కళ్లముందుకొస్తాడేమోనని.

పోయిన కార్తీకంలో ఒక రాత్రి సంగతి చెబుతాను. ఈనిన మర్నాడు మా పెద్ద గేదె పడిపోయింది. రాత్రి రెండు గంటలు. మెడ వెనక్కి మడిచి తల డొక్కకు ఆనించుకుని పడుకుంది, చెవులు మంచులా చల్లబడ్డాయి. పాల జ్వరం. పేరుకు జ్వరమే గానీ ఒళ్లు చల్లబడుతుంది. ఒంట్లో ఉన్న కాల్షియం అంతా పాలలోకి దిగిపోయి ఆ తల్లి నిలబడలేదు. డాక్టరుకు ఫోను చేసి, ఆయన మోటారు సైకిలు మీద వచ్చేలోగా గోనెసంచులు కప్పి, ఒక పక్కకు ఒరిగిపోకుండా వరిగడ్డి మోపులు ఆనించాం. కాల్షియం సీసాను వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చన చేశాం. డాక్టరు మెడ నరానికి సూది పెట్టాడు. సీసా ఎత్తి పట్టుకోవడం నా పని. తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. చుక్క చుక్కగా, చెయ్యి దించకుండా అరగంట. సగం సీసా అయ్యేసరికి ఒళ్లంతా సన్నగా వణికింది. తర్వాత పెద్ద తేన్పు తేన్చింది, పేడ వేసింది. డాక్టరు నవ్వాడు. ఇంకాసేపటికి ముందు వెనక కాళ్లు ఊని, తర్వాత ముందు కాళ్లు ఊని లేచి నిలబడింది. తెల్లారి ఆరింటికి నేను మామూలుగానే పాల కేంద్రం దగ్గర క్యాను పట్టుకుని, వెన్న శాతం ఎంతొచ్చిందోనని మిషను వంక చూస్తున్నాను.

అరగంట సేపు ఆ సీసా ఎత్తి పట్టుకున్న చెయ్యి ఎవరిది సార్? పెన్షనరుదా, రైతుదా?

సరే, నన్ను పక్కన పెట్టండి. మా ఇంటావిడ సంగతి చెప్పండి.

మీ నిబంధన మనిషిని కాదు, కుటుంబాన్ని చూస్తుంది. భార్యాభర్తల్లో ఒకరు అనర్హుల జాబితాలో ఉంటే కుటుంబం మొత్తానికి రాదు. నేను ద్రాస్‌లో, తర్వాత సిక్కింలో ఉన్న ఏళ్లలో మా ఇంట్లో రెండు బర్రెలుండేవి. వాటికి గడ్డి కోసింది ఆమె. పాలు పితికింది, ఎదకొచ్చినప్పుడు ఆసుపత్రికి తోలుకుపోయింది, గాలికుంటు వచ్చిన ఏడాది గిట్టలు కడిగి వేపనూనె రాసింది, అంతా ఆమే. నా కంటే ఇరవై నాలుగేళ్లు సీనియర్ ఆమె ఈ పనిలో. ఆమెకు పెన్షను లేదు, క్యాంటీన్ కార్డు ఆమె సర్వీసుకు వచ్చింది కాదు. మొగుడు సరిహద్దులో ఉన్నాడు గనక ఇంటి దగ్గర గొడ్లు సాకిన ఆడమనిషి రైతు కాదని తీర్పు చెప్పడానికి మీకు మనసెలా ఒప్పింది? ఆగస్టు 15న సైనికుల కుటుంబాల త్యాగం గురించి ఉపన్యాసాలు ఇస్తారే, ఆ త్యాగం అంటే ఇదే. పేడ తీయడం.

ఇక మీ నిబంధన. 2019లో, నేను ఊరికొచ్చిన ఏడే అదీ వచ్చింది. నెలకు 10 వేలు, అంతకు పైన పెన్షను తీసుకునే విశ్రాంత ఉద్యోగులు అనర్హులు. అందులోనే మళ్లీ ఒక మినహాయింపు: నాలుగో తరగతి, గ్రూప్ డి, మల్టీ టాస్కింగ్ సిబ్బందిగా పనిచేసి దిగినవాళ్లకు ఈ అడ్డు లేదు. ఆ మినహాయింపు న్యాయమైనదే. ఆఫీసులో ఫైళ్లు మోసినవాడు ఊరికొచ్చి సేద్యం చేసుకుంటే అతను రైతే. మరి కొండ మీదికి బియ్యం మూటలు మోసినవాడి మాటేమిటి? సిపాయికి ఆ మినహాయింపులో చోటు లేదెందుకు? కేంద్ర ప్రభుత్వ పెన్షనుకు మీరు పెట్టిన కనీస మొత్తమే 9 వేలు. దానికి ఇంకో వెయ్యి కలిపి గీత గీస్తే, గీతకు ఇవతల మిగిలే సైనికుడు ఎవడైనా ఉంటాడా? ఏడేళ్లుగా దాణా ధర పెరిగింది, చొప్ప ధర పెరిగింది, కూలి పెరిగింది. మీ గీత మాత్రం అక్కడే ఉంది.

మీ వైపు వాదన కూడా నాకు తెలుసు. నగరంలో మేడ కట్టుకుని, ఊళ్లో పొలం కౌలుకిచ్చి, లక్ష పైన పెన్షను తీసుకునే పెద్ద అధికారికి ప్రజల డబ్బు ఎందుకివ్వాలి? ఇవ్వకండి. ఆదాయపు పన్ను కట్టేవాళ్లను, మంత్రులను, శాసనసభ్యులను తీసేశారు, మంచిపని చేశారు. పక్కనే తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు పట్టాదారు పెన్షనరా అని అడగలేదు. అడగకపోవడం వల్ల దున్నని పెద్దల ఖాతాల్లోకీ డబ్బు పోయింది. ఆ తప్పును నేను సమర్థించను. కానీ దున్నని పెద్దను పట్టుకోవడానికి మీరు వేసిన వలలో, రోజూ పేడ ఎత్తే హవల్దారు పడ్డాడు. వల కన్ను సరిచేయడం చేపలు చేయవలసిన పనా, వల అల్లినవాళ్లు చేయవలసిన పనా?

అదీగాక, రైతంటే ఎవరో మీ శాఖే ఒకసారి చక్కగా రాసుకుంది. 2007 జాతీయ రైతు విధానం తీసి చూడండి. స్వామినాథన్ గారి కమిషన్ చెప్పిన దాన్ని ఆధారం చేసుకుని తెచ్చినది. అందులో రైతు నిర్వచనంలో పట్టాదారుతో పాటు కౌలుదారు, వ్యవసాయ కూలీ, పశువులు, కోళ్లు పెంచేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, తేనెటీగలు పెంచేవాళ్లు, మందలు తోలే కాపరులు, అందరూ ఉన్నారు. చేసే పనిని బట్టి మనిషిని గుర్తించిన నిర్వచనం అది. 2024లో స్వామినాథన్ గారికి భారతరత్న ప్రకటించారు. ఆయన నిర్వచనాన్ని ఏ బీరువాలో పెట్టారు?

ఆ బీరువా తాళం నాకొక్కడికే అవసరమని అనుకోకండి. మా గొర్రెలతో కలిపి తన మందను నల్లమల అంచు దాకా తోలే పెద్దాయన ఒకడున్నాడు. నూట ఇరవై జీవాలు, సెంటు భూమి లేదు. వానాకాలం రాకముందే నీలి నాలుకకు, చిటుక రోగానికి టీకాల కోసం నెల ముందు నుంచే డాక్టరు చుట్టూ తిరుగుతాడు. రాత్రిపూట రైతుల చేలల్లో మంద కట్టి ఎరువిస్తాడు. ఆయనకు పెన్షను లేదు. అయినా ఆయనా మీ లెక్కలో రైతు కాడు. నేను పెన్షను ఉండి కాను, ఆయన భూమి లేక కాడు. మా ఇద్దరి మందలు కలిపితే నూట ఎనభై గొర్రెలు, రైతు మాత్రం సున్నా. ఈ లెక్క ఏ బడిలో నేర్చుకున్నారు?

మాటలో ఏముందిలే అనుకునేరు. ఒక బ్యాంకు శాఖలో జరిగింది చెబుతాను, పేరు ఎందుకు. గేదెల కోసం కిసాన్ క్రెడిట్ కార్డు అడిగాను. 2018-19 బడ్జెట్ నుంచి పశువుల పెంపకానికీ ఆ కార్డు ఇవ్వాలని మీరే చెప్పారు. గడువులో తిరిగి కడితే రాయితీలు పోను వడ్డీ 4 శాతం. మేనేజరు మర్యాదస్తుడే, కుర్చీ వేయించాడు, సెల్యూట్ కూడా కొట్టాడు. "మీకెందుకు సార్ ఆ తిప్పలు? మీరు పెన్షనరు కదా, పెన్షను మీద లోను సాయంత్రానికల్లా ఇచ్చేస్తా" అన్నాడు. దాని వడ్డీ రెండింతల పైమాటే. మూడుసార్లు తిరిగాను. మూడుసార్లూ కాఫీ వచ్చింది, కార్డు రాలేదు. సెల్యూట్ చేసి ఎక్కువ వడ్డీకి అప్పివ్వడమేనా గౌరవం అంటే? మీ కంప్యూటరులో నేను పెన్షనరునైతే ఆయన కంప్యూటరులో రైతునెలా అవుతాను?

సైన్యానికీ గొడ్లకూ సంబంధమేమిటని మీలో కుర్రవాళ్లు ఎవరైనా అడిగితే వాళ్లకు మిలిటరీ ఫారాల కథ చెప్పండి. 1889లో అలహాబాద్‌లో మొదటిది పెట్టారు. సైనికులకు మంచి పాలు అందించడానికి. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో అలాంటివి 130 దాకా ఉండేవి. కృత్రిమ గర్భధారణను ఈ దేశంలో మొదట చేపట్టినవాళ్లలో వాళ్లున్నారు. మీ మంత్రిత్వ శాఖతో కలిసి సాహివాల్, హోల్‌స్టీన్ జాతులు కలిపి ఫ్రీస్వాల్ అనే ఆవును తయారుచేశారు. 1971 యుద్ధంలో సరిహద్దుకు పాలు పంపింది ఆ ఫారాలే. 2021 మార్చి 31న, 132 ఏళ్ల తర్వాత, ఢిల్లీ కంటోన్మెంట్‌లో జెండా దించి మూసేశారు. మూసేయడం తప్పని నేననను, ఊళ్లలో డైరీలు పెరిగాక సైన్యం గొడ్లు కాయనక్కరలేదు. కానీ ఊళ్లలో ఆ డైరీలు ఎవరు నడుపుతున్నారనుకున్నారు? సైన్యం దొడ్లో ఆవును చూసుకుంటే దేశసేవ. అదే సైనికుడు తన దొడ్లో గేదెను చూసుకుంటే కాలక్షేపం అవుతుందా?

మా విభాగంలో పెడోంగీ అని ఒక ఖచ్చర్ ఉండేది, నాకంటే ముందు కాలం. 1971లో శత్రువుల చేతికి చిక్కి, వీపున మెషిన్‌గన్‌తో సహా నడుచుకుంటూ మనవైపు వచ్చేసింది. అందరూ మెచ్చుకున్నారు, ముసలితనంలో నీలి వెల్వెట్ దుప్పటి కప్పి సన్మానం చేశారు. ఈ కథ మా ఉస్తాద్ చెబితే నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు నవ్వు వేరేగా వస్తోంది. రిటైరయ్యాక కూడా పెడోంగీని ఖచ్చర్‌గానే ఉండనిచ్చారు. రైతు కొడుకుగా వెళ్లినవాణ్ని మీరు రైతుగా తిరిగి రానివ్వలేదు.

ఇది నా తరంతో అయిపోయేదైతే ఇంత పొడుగు రాయను. 2023 మొదట్లో శిక్షణకు వెళ్లిన అగ్నివీరుల మొదటి జట్టుకు 2027 మొదట్లో నాలుగేళ్లు నిండుతాయి. అందులో పావు వంతు మంది దాకానే ఉంచుకుంటారు. మిగతా పిల్లలు సేవానిధి అని 11 లక్షల చిల్లర పట్టుకుని ఇరవైల వయసులోనే ఇళ్లకొస్తారు. వాళ్లకు పెన్షను లేదు. మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. మా ఊళ్లోనూ ఇద్దరున్నారు. ఒకడు పోయినసారి సెలవుకొచ్చినప్పుడు మా దొడ్లోకి వచ్చి, "మామా, ఆ డబ్బుతో రెండెకరాలు కొని గొర్రెలు పెట్టుకుంటే ఎట్లుంటాది?" అని అడిగాడు. ఏం చెప్పమంటారు? నీకు పెన్షను లేదు గనక నువ్వు రైతువు కావచ్చు అని చెప్పబోయాను. తర్వాత గుర్తొచ్చింది: 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమికి మీ పథకం వర్తించదు. వారసత్వంగా వస్తేనే లెక్క. అంటే వాడు దేశానికి నాలుగేళ్లిచ్చి, ఆ డబ్బుతోనే నేల కొనుక్కున్నా మీ పుస్తకంలోకి ఎక్కడు. ఇరవై నాలుగేళ్లు చేసి వచ్చినవాడు రైతు కాడు, నాలుగేళ్లు చేసి వచ్చినవాడూ రైతు కాడు. ఎన్నేళ్లు చేస్తే అవుతామో మీరే ఒక సంఖ్య చెప్పండి.

పల్లెలో పశువును సాకేవాళ్లు తగ్గిపోతున్నారు సార్. మా వీధిలో నా చిన్నప్పుడు ప్రతి ఇంటి ముందూ గుంజ ఉండేది. ఇప్పుడు మూడిళ్లలో ఉంది. చదువుకున్న పిల్ల గొడ్లున్న ఇంటికి కోడలుగా రానంటోంది, ఆమెను తప్పుపట్టలేను. తెల్లవారుజామున నాలుగింటికి లేచే అలవాటు, జబ్బు చేసిన జంతువు పక్కన రాత్రంతా కూర్చునే ఓపిక, చేతిలో కాస్త పెట్టుబడి ఉన్న మనుషులు ఏటా వేలమంది ఊళ్లకు తిరిగొస్తుంటే, వాళ్లను చేయి పట్టుకుని దొడ్లోకి నడిపించవలసిన శాఖ మీది. మీరేమో అనర్హులని ముద్ర కొట్టి బ్యాంకు గేటు కుర్చీ వైపు తోస్తున్నారు. రేపు పట్నంలో మీ పిల్లలు తాగే పాలు ఎక్కడి నుంచి వస్తాయి?

నేను అడిగేది ఎక్కువ కాదు. నాలుగో తరగతి సిబ్బందికి ఇచ్చిన మినహాయింపులో సిపాయి నుంచి హవల్దారు దాకా చేర్చండి. మొగుడి పెన్షను చూసి భార్య సేద్యాన్ని కొట్టేయకండి. భూమి ఉన్నా లేకున్నా గొడ్లు, జీవాలు సాకేవాణ్ని రైతుల పట్టీలో రాయండి. డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత మీ ఇష్టం. పట్టీలో పేరు, ఇవ్వవలసిన సొమ్ము రెండూ ఒకటి కాదు. ఈ రెంటినీ ముడివేసింది మీరు, విప్పవలసిందీ మీరే. పై అధికారి ఎవరో చెప్పాలి అంటే, ఆ పై అధికారికే ఈ ఉత్తరం చూపించండి. మాకు పట్టాలంలో ఒక అలవాటుంది, ఆర్డరు తప్పని తెలిస్తే దాన్ని ఇచ్చినవాడే వెనక్కి తీసుకోవాలి. కింద ఉన్నవాడు చేయలేడు. రైతు సేవా కేంద్రంలోని ఆ పిల్ల చేయలేదు.

నాలుగవుతోంది. పాల వేళ. దొడ్లోంచి పెద్ద గేదె అరుస్తోంది, మా ఇంటావిడ తవ్వ కొట్టి పిలుస్తోంది. మిగతాది మీ జవాబు వచ్చాక రాస్తాను.

ఇట్లు,
గిద్దలూరు పక్క ఊరి నుంచి ఒక మాజీ హవల్దారు